రాజు తలుపు తీసినాడా?

"అనగనగా ఒక రాజు ఉండెను. ఆయనకు జ్వరం వచ్చినందున రెండు దినములు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన."

కృష్ణకుమారి టీచరు ఆ కాగితాన్ని రెండోసారి చదివింది. కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివింది. రాజు జ్వరం తగ్గలేదు. దాని కింది కాగితంలో కుందేలుకు జ్వరం. ఇంకో కాగితంలో, వార్త రాయమంటే రాసినదాంట్లో, ఎమ్మిగనూరు జాతరే జ్వరం వచ్చి సెలవు అడుగుతోంది.

"ఏమప్పా, లోకంలో జ్వరం తప్ప ఇంకేమీ లేదా?"

"కడుపునొప్పి ఉంది టీచర్," అన్నాడు ముందు వరసలోని రాజశేఖర్, బాగా ఆలోచించి.

తప్పు పిల్లలది కాదని ఆమెకు తెలుసు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ రోడ్డు పక్కన ఉన్న ఆ చిన్న బడిలో నాలుగు, ఐదు తరగతులు ఆమెవే. ఇన్నేళ్ళూ రాయడమంటే సెలవుచీటీ రాయడమే నేర్పింది. పరీక్షలో వచ్చేది అదే గనుక. పోయిన వారం ఆదోనిలో శిక్షణ పెట్టి, ఇకమీదట పిల్లల చేత రకరకాలుగా రాయించండి, కథ, వార్త, ఉత్తరం, ప్రకటన, సంభాషణ అని చెప్పి, ఒక రంగుల చార్టు చుట్టి చేతికిచ్చారు. బస్సులో ఎవరైనా తొక్కుతారేమోనని ఆ చార్టును పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని ఎమ్మిగనూరు చేరింది. ఆమెకు ప్రతిదానికీ భయమే. గ్యాసు కట్టేశానా లేదా అని బస్టాండు దాకా వచ్చి మళ్ళీ ఇంటికి పోయే మనిషి.

చార్టును గోడకు తగిలించి, బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది.

"జొన్నపిండి ఉందనుకోండి. దాంతో మీ అమ్మ ఏం చేస్తాది?"

"రొట్టె!" "సంగటి!" "అంబలి!"

"పిండి ఒకటే కదా. చేసే తీరు వేరు. రాసేది కూడా అంతే. సంగతి ఒకటే ఉంటాది. వార్తగా సెప్తే ఒక తీరు, కథగా సెప్తే ఒక తీరు."

"అయితే నేను రొట్టె రాస్తా టీచర్," అన్నాడు రాజశేఖర్.

వార్త ఎలా ఉంటుందో చూపించడానికి ఆమె వీపు నిటారుగా పెట్టి, టీవీలో వార్తలు చదివే ఆమెలాగా చూపు కదపకుండా, మధ్యాహ్నం భోజనంలో ఏం వండుతున్నారో చదివింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ప్రకటన దగ్గరికొచ్చేసరికి ఆమెకు గొంతు చాలలేదు. అప్పుడు రాజశేఖర్ లేచాడు. వాళ్ళ నాయన తిరుపాల్ ఆటోలో మైకు కట్టుకుని ఉల్లిగడ్డలు అమ్ముతాడు. రాజశేఖర్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"రావాలమ్మా రావాలి! ఎర్ర ఉల్లిగడ్డ, గట్టి ఉల్లిగడ్డ! కోస్తే కన్నీళ్ళు, తింటే ఆనందబాష్పాలు! ఆలస్యం సేస్తే మీకే నష్టం అక్కా!"

పక్క గదిలోని చిన్న తరగతుల పిల్లలు బయటికి పరుగెత్తుకొచ్చారు. వరండా చివరి నుంచి పెద్దసారు శేషప్ప తల తొంగిచూసింది.

"ఏం మేడం, బళ్ళోకి ఆటో వచ్చిందా?"

"ప్రకటన సార్. పాఠమే," అంది కృష్ణకుమారి, గోడమీది చార్టు చూపిస్తూ.

"పాఠమా! కానీండి, కానీండి." ఆయన ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఫినాయిలు సీసా ఉన్నాయి. అది ఆయన ఫొటో తీసే వేళ.

బడి వెనక ఆడపిల్లల కోసం కొత్తగా కట్టిన మరుగుదొడ్డి ఉంది. తెల్ల టైల్సు, నీలం తలుపు, లోపల కుళాయి. దాని ఫొటోను పెద్దసారు రోజూ ఫోన్లో పై అధికారులకు పంపాలి. శుభ్రంగా ఉంటే పచ్చగుర్తు వస్తుంది, లేకపోతే ఎర్రగుర్తు. తలుపు తెరిచిన కొత్తలో ఒకసారి ఎర్రగుర్తు వచ్చింది. ఎమ్మిగనూరులో పెద్దసార్ల మీటింగు పెట్టి, ఆ ఫొటోను తెరమీద మనిషంత చేసి చూపించి, శేషప్ప సారును లేచి నిలబడమన్నారు. మరుసటి రోజే ఆయన ఆదోనిలో పెద్ద తాళం కొనుక్కొచ్చాడు. ఎవరూ పోకపోతే ఎప్పుడూ శుభ్రమే. అప్పట్నుంచి రోజూ పచ్చగుర్తే. ఈ ఉపాయాన్ని ఆయన దాచుకోలేదు కూడా. కనపడిన పెద్దసారుకల్లా చెప్పి సంతోషపడ్డాడు.

"వాడని దాన్ని రోజూ కడగల్లంటే నాకే నవ్వొస్తాది సారూ," అంటోంది ఆయా ఈరమ్మ, చీపురుతో నేల రుద్దుతూ. "మా ఇంట్లో దేవుని గూడు కూడా ఇంత కడగలేదు నేను."

"మాట్లాడకుండా బకెట్ పక్కకి జరుపు ఈరమ్మా. కుళాయి కనపడాల."

ఆయన గడప బయట చెప్పులు విడిచి, వంగి, ఒక కన్ను మూసి ఫొటో తీశాడు. తలుపు మూసి తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆడపిల్లలు బడి వెనక కంపచెట్ల చాటుకు పోతారు. ఇద్దరిద్దరుగా పోతారు, ఒకరు కాపలా నిలబడతారు. ఇది అందరికీ తెలుసు. కృష్ణకుమారికీ తెలుసు. ఆమె కూడా సాయంత్రం ఇల్లు చేరేదాకా మంచినీళ్ళ సీసా మూత తీయదు. తీయకపోవడం ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని గురించి ఆలోచించడం కూడా మానేసింది.

పిల్లలకు 'మన బడి' అనే సంగతి ఇచ్చి, ఇష్టమైన తీరులో రాసుకురమ్మంది. మరునాడు మధ్యాహ్నం పిల్లలు కోడిగుడ్లు ఒలుచుకుంటుండగా, వరండాలో కూర్చుని కాగితాలు దిద్దింది. మొదటి మూడింటిలో ఇంకా జ్వరం ఉంది. నాలుగోది శ్వేతది. కూలిపని చేసే దుర్గప్ప కూతురు. నవ్వని మొహం, గుండ్రటి అక్షరాలు.

"మా బడి వార్తలు. మా విలేకరి శ్వేత. మా బడిలో కొత్త మరుగుదొడ్డికి తాళం ఉంది. తాళంచెవి పెద్దసారు జోబులో ఉంది. నిన్న ఐదో తరగతి మేరి కంపచెట్ల దగ్గరికి పోగా కాలికి ముల్లు దిగింది. మేరి బళ్ళో నీళ్ళు తాగడం మానేసింది. ఎందుకు తాగవు అని మా విలేకరి అడగ్గా, తాగితే పోవాల కదా అని మేరి తెలిపింది. తాళం ఎందుకు అని అడగ్గా, ఫొటో కోసం అని ఈరమ్మవ్వ తెలిపింది."

కృష్ణకుమారి ఎర్ర పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, అన్నీ ఉన్నాయి. దిద్దడానికి ఒక్క తప్పు లేదు. అదే ఆమె భయం. పెద్దసారు గది వైపు ఒకసారి చూసి, శ్వేతను పిలిచింది.

"బాగా రాసినావు శ్వేతా. శానా బాగా రాసినావు. కానీ..."

"కానీ ఏంది టీచర్?"

"వార్తలో పేర్లుంటాయి కదమ్మా. పేర్లుంటే మనుషులు నొచ్చుకుంటారు. దీన్నే కథగా రాయి. రాజు, రాణి అని పెట్టు."

"అబద్ధం రాయల్నా?"

"అబద్ధం కాదు. కథ."

శ్వేత ఆమె మొహంలోకి కాసేపు చూసింది. "నేను రొట్టె తెస్తే నువ్వు అంబలి సేయమంటావు," అని, చేతులు కడుక్కోవడానికి పోయింది.

టీచరు ఆ వార్తను నాలుగు మడతలు పెట్టి సంచిలో, టిఫిన్ డబ్బా కింద దాచింది. దాచాక కూడా సంచిని రెండుసార్లు తడిమింది.

ఆ సాయంత్రం ఆటల వేళ మేరి తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఆడుతూ, ఒంటికాలి మీదే ఊగి కింద కూర్చుండిపోయింది. పెదవులు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. ఈరమ్మ పరుగెత్తి చెంబు తెచ్చింది. మేరి పెదవులు తడుపుకుని చెంబు తిరిగి ఇచ్చేసింది.

"తాగు పాపా," అంది కృష్ణకుమారి.

"ఇంటికి పోయి తాగుతా టీచర్."

మరునాడు మేరి రాలేదు. వాళ్ళ నాయన సామ్సన్ వచ్చాడు. మోటారు సైకిలు గేటు బయటే ఆపి, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని వరండా మెట్ల కింద నిలబడ్డాడు.

"టీచరమ్మా, పాపని ఇంక పంపను. చెప్పి పోదామని వచ్చినా."

"ఎందుకప్పా?"

"ఆదోని ఆస్పత్రిలో చూపించినాం. నీళ్ళు తాగకపోతే లోపల మంట వస్తాదంట. రాత్రంతా ఏడ్సింది." అతను గొంతు తగ్గించాడు. "ఆడపిల్ల సంగతి, నేనేం సెప్పేది. ఆదివారం ప్రార్థన అయినాక గోనెగండ్లకు పంపిస్తాం. ఆడ మా అత్త ఉంది, పత్తి ఏరను తోడు పోతాది. చేన్లో అయితే పక్కన ఆడోళ్ళుంటారు."

"సదివే పిల్లప్పా."

"సదివే పిల్లే టీచరమ్మా. ఎవరు కాదన్నారు?"

అతని మాటలో కోపం లేదు. చెప్పి పోదామని వచ్చినా. ఈ మాటను ఆమె ఈ మెట్ల మీదే ఎందరి నోటనో విన్నది. పోయేవాళ్ళు చెప్పే పోతారు. అదే ఆమెకు తట్టుకోలేని సంగతి. చెప్పకుండా పోతే రేపు వస్తారేమో అనుకోవచ్చు. మూటల మీద కూర్చుని వలస పోయే లారీలోంచి చెయ్యి ఊపిన పిల్లలు ఆమెకు ఇప్పటికీ పేర్లతో సహా గుర్తున్నారు. ఊపిన చేతికి ఊపడం తప్ప ఆమె ఏనాడూ ఏమీ చేయలేదు.

"శనివారం దాకా ఆ మాట అనకుండా ఆగప్పా," అంది.

"ఆగితే ఏమైతాది?"

ఏమవుతుందో ఆమెకు తెలియదు. "ఆగు. అంతే," అంది. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. సామ్సన్ ఆశ్చర్యంగా చూసి, తల ఊపి పోయాడు.

లోపలికొచ్చేసరికి శ్వేత కథ బల్ల మీద ఉంది.

"అనగనగా ఒక రాజు. ఆయనకు ఒక బంగారు గది ఉంది. రాజు రోజూ పొద్దున తలుపు తీసి, ఆహా ఎంత బాగుంది అని చూసుకుని, మళ్ళీ తాళం వేసేవాడు. రాజుకు నలుగురు కూతుళ్ళు. వాళ్ళు అడవికి పోయేవాళ్ళు. అడవిలో ముళ్ళున్నాయి, పాములున్నాయి. నాయనా, మమ్మల్ని గదిలోకి పోనీ అని కూతుళ్ళు అడిగారు. తీస్తే మాసిపోతాది అన్నాడు రాజు. చిన్న కూతురు నీళ్ళు తాగడం మానేసింది. అప్పుడు రాజు"

అంతే. కింద సగం కాగితం ఖాళీ.

"మిగతాది ఏదమ్మా?"

"అప్పుడు రాజు ఏం సేసినాడో నాకు తెలీదు టీచర్. తెలిసినాక రాస్తా."

ఆ రోజు పిల్లలు రాసినవన్నీ గోడకు అంటించారు. శేషప్ప సారు పొద్దున తెచ్చుకున్న బొరుగుల ఉగ్గాని పొట్లం ఆలస్యంగా విప్పుకుని, మిరపకాయ బజ్జీ కొరుకుతూ గోడ వెంబడి నడిచాడు. కథ దగ్గర ఆగాడు. చదివాడు. బొజ్జ కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏం తిక్కరాజు మేడం వీడు! బంగారు గది కట్టుకుని కూతుళ్ళను అడివికి పంపేదా! ఇట్లాంటోడు యాడన్నా ఉంటాడా?"

ఊడ్చుకుంటున్న ఈరమ్మకు దగ్గు తెర వచ్చింది. చీపురుతో సహా బయటికి పోయి చాలాసేపు దగ్గింది.

"ఉంటారేమో సార్," అంది కృష్ణకుమారి గోడ వైపు తిరిగి.

"ఉండడు. ఉంటే నాకు చూపించండి." ఆయన చేతిలోని బజ్జీతో కాగితాన్ని చూపించాడు. "శనివారం మధ్యాహ్నం ఎమ్మిగనూరులో మళ్ళీ మీటింగుంది. ప్రతి బడి నుంచి పిల్లల రాత ఒకటి తెమ్మన్నారు. ఇదే సదువుతా. ఆ పొద్దు నన్ను నిలబెట్టి నవ్వినారు కదా, ఇప్పుడు కూడా నవ్వల్ల, కానీ ఈ రాజును చూసి నవ్వల్ల!"

నవ్వుతారు. మూడో వాక్యానికే నవ్వుతారు. తాళం ఉపాయం ఆయనే ఊరంతా చెప్పుకుని వచ్చాడు. కృష్ణకుమారికి బస్సులో ఇంటికి పోతున్నంతసేపూ ఆ మీటింగే కళ్ళ ముందు ఆడింది. సారు కళ్ళజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని, రాజు గొంతు ఒక తీరుగా, కూతుళ్ళ గొంతు ఒక తీరుగా పెట్టి చదువుతాడు. చదివేటప్పుడు ఆయనకు మంచి ఉత్సాహం వస్తుంది. ఎప్పటికో గాని తెలియదు, జనం ఎవరిని చూసి నవ్వుతున్నారో.

ఊరుకుంటే చాలు. ఆ సభలో ఎవరో ఒకరు లేచి, ఏం సార్, మీ బడి తాళం తీస్తారా లేదా అని అడుగుతారు. తీయక తప్పదు. మేరి ఉంటుంది. తను ఒక్క మాట అనక్కర్లేదు. నోరు మూసుకోవడం ఆమెకు చేతనైన పనే. కానీ ఆయన మళ్ళీ లేచి నిలబడడం తలుచుకుని ఆమె సంచిని ఒళ్ళోకి లాక్కుంది. అంతమందిలో ఒక్క మనిషి నిలబడడం ఆమె తన శత్రువుకు కూడా కోరుకోలేదు. శేషప్ప సారు శత్రువు కూడా కాదు. వాన పడితే ఆమెను బస్సు దాకా గొడుగులో దింపే మనిషి.

గురువారం ఫొటో అయ్యేదాకా ఆగి, ఆయన తాళం వేస్తుండగా వెనక నిలబడింది.

"సార్, ఆ కథ మీటింగులో సదవద్దు."

"ఏం? తప్పులున్నాయా?"

"లేవు సార్." సంచి భుజం మీద సర్దుకుంది. "ఆ రాజు మీరే సార్."

ఆయన నవ్వబోయాడు. ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమె సంచిలో టిఫిన్ డబ్బా కింద చెయ్యి పెట్టి, మడతలు పెట్టిన వార్త తీసి ఇచ్చింది.

"ముందు ఇది రాసింది. నేనే భయపడి కథ సేయమన్నా."

శేషప్ప సారు తలుపుకు ఆనుకుని చదివాడు. చదువుతుంటే చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా జేబులో తాళంచెవి ఉన్నచోట చెయ్యి పెట్టుకున్నాడు, అక్కడేదో కుట్టినట్టు.

"నన్ను నిలబెట్టినారు మేడం," అన్నాడు చివరికి. "అంతమంది ముందర. నా కూతురు వయసు ఉండే ఆఫీసరమ్మ, కూసో అనేది కూడా మరిసిపోయింది. మీటింగు అయిపోయేదాకా నిలబడే ఉంటి."

"తెలుసు సార్."

"ఏం తెలుసు మీకు!"

"మేరి వాళ్ళ నాయన వచ్చి పోయినాడు. ఆదివారం అయినాక పంపడంట. గోనెగండ్లకు, పత్తి ఏరను."

"అయితే నన్నేం సేయమంటారు? తీస్తే మాసిపోతాది!"

కోడి ఒకటి వాళ్ళ మధ్యగా నడిచిపోయింది. ఆ మాట తను ఎక్కడో చదివినట్టు శేషప్ప సారు కనుబొమ్మలు ముడిపడ్డాయి. ఎక్కడ చదివాడో గుర్తొచ్చాక, ఆయన మొహం చూడలేక కృష్ణకుమారి కోడిని చూసింది.

"గోడమీది కాగితాలన్నీ తీసేయండి," అని ఆయన గదిలోకి పోయాడు. ఆ రోజు ఉగ్గాని పొట్లం విప్పలేదు.

ఆమె ఒక్కొక్కటీ ఊడదీసింది. రాజశేఖర్ ప్రకటన కూడా ఊడదీసింది: "రావాలమ్మా రావాలి! కొత్త మరుగుదొడ్డి, తెల్ల టైల్సు! ఎవరూ వాడలేదు, ఎవరినీ వాడనీరు! దూరం నుంచి సూడండి, దండం పెట్టుకోండి!" తాళానికీ తాళంచెవికీ మధ్య జరిగిన సంభాషణ ఊడదీసింది. పిల్లలు వరసగా నిలబడి చూశారు.

"ఎందుకు టీచర్ తీస్తాండావు?"

"గాలికి చిరిగిపోతాయని."

గాలి లేదు. శ్వేత పైకి, ఆకు కదలని వేపకొమ్మ వైపు చూసింది.

శుక్రవారం ఆమె బస్సు దిగి వచ్చేసరికి పిల్లలంతా గోడ దగ్గర గుంపుగా ఉన్నారు. ఖాళీ గోడ మధ్య ఒకే ఒక్క కాగితం. గీతలున్న తెల్ల ఠావు, ఎడమచేతి వైపు మార్జిను కొట్టి ఉంది. పెద్దసారు చేతిరాత. రాజశేఖర్ గట్టిగా చదువుతున్నాడు.

"అప్పుడు రాజు గారు పై విషయమును సమగ్రముగా పరిశీలించడమైనది. పూర్వము చక్రవర్తి గారి సభలో సదరు గది యొక్క చిత్రపటము ప్రదర్శింపబడి, రాజు గారు నిలబెట్టబడినందున, సదరు గదికి తాళము వేయడమైనది. కావున ఇందు రాజు గారి తప్పిదము ఏమియు లేదని తెలియజేయడమైనది."

శేషప్ప సారు వరండా చివర హాజరు పట్టీ తెరిచి పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పడం లేదు.

"ఇది కథ కాదు," అన్నాడు రాజశేఖర్. "ఇది సెలవుచీటీ."

"సదరు అంటే ఎవరు? ఇంకో రాజా?" అంది ఒక పిల్ల.

"మంత్రి అనుకుంటా."

"రాజును ఎందుకు నిలబెట్టినారు? సదువు రాలేదా?"

కృష్ణకుమారికి పిల్లలందరినీ కోడిపిల్లల్ని కప్పినట్టు గంప కింద కప్పేయాలనిపించింది. ఇంతలో వెనక నుంచి గొంతు వచ్చింది.

"ఆయన గది మాసినాదని నిలబెట్టినారు."

పిల్లలు తిరిగి చూశారు. హాజరు పట్టీ మూసి, పెద్దసారు దగ్గరికొచ్చాడు.

"సభలో నవ్వినారా సార్?" అంది శ్వేత.

"నవ్వినారు."

"రాజు ఏడ్సినాడా?"

"ఏడ్వలేదు. ఇంటికి పోయి అన్నం తినలేదు, అంతే. ఏమైంది అని రాణి అడిగితే కడుపునొప్పి అన్నాడు."

"అది రాయండి సార్. అది బాగుంది," అంది శ్వేత. తన పెన్సిలు తీసి ఇచ్చింది.

శేషప్ప సారు పెన్సిలు వైపు చూశాడు. పిల్లలు జరిగి దారి ఇచ్చారు. ఆయన గోడమీది కాగితాన్ని ఒక చేత్తో అదిమిపట్టి, నిలబడే, 'తెలియజేయడమైనది' కింద రాశాడు. "ఆ పూట రాజు అన్నం తినలేదు." రాసి, ఒకడుగు వెనక్కి వేసి చూసుకున్నాడు.

"ఇది కథ," అన్నాడు రాజశేఖర్ పెద్దమనిషిలాగా.

"మరి రాజు తలుపు తీసినాడా?" అడిగింది శ్వేత.

"అదే ఆలోచిస్తాండా పాపా. తీస్తే మళ్ళీ నిలబెడతారు."

"తియ్యకపోతే చిన్న కూతురు పోతాది సార్," అంది శ్వేత. "పోతే ఇంక కథలో రాసేదానికి ఏముంటాది? రాజు, గది. అంతే కదా."

ఆయన పెన్సిలు తిరిగి ఇస్తూ, "రేపు సెప్తా," అన్నాడు.

శనివారం పొద్దున గేటు దగ్గర సామ్సన్ మోటారు సైకిలు ఆగి ఉంది. వెనక సీటు మీద మేరి, బడి దుస్తుల్లో కాదు, ఇంటి గౌనులో.

"ఏందో కథ ఈ పొద్దు అయిపోతాదంట కదా టీచరమ్మా," అన్నాడు సామ్సన్. "దుర్గప్ప పాప శ్వేత వచ్చి సెప్పింది మొదలు, విని వస్తానని ఒకటే ఏడుపు. విన్నాక తీసుకుపోతా. బండి దిగను."

కృష్ణకుమారి మేరి చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది. చెయ్యి వేడిగా ఉంది. పెద్దసారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మీటింగుకు పోవడానికి కొత్త చెప్పులు. చేతిలో కాగితమేమీ లేదు. గోడ వైపు చూడకుండా నేరుగా బడి వెనక్కి నడిచాడు. పిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారు. వాళ్ళ వెనక కృష్ణకుమారి.

తాళం తీశాడు. ఈరమ్మ ఎప్పటిలాగే నీళ్ళు కొట్టి, రుద్ది, బకెట్ నింపి, కుళాయి కనపడేలా జరిపింది. నేల అద్దంలా ఉంది. ఆయన చెప్పులు విడిచాడు. ఫోను తీశాడు. వంగాడు.

ఈ ఫొటో పచ్చగా పోతే మధ్యాహ్నం మీటింగులో ఆయన కుర్చీలో కూర్చుంటాడు. ఇది అక్కడున్న అందరికీ తెలుసు, ఈరమ్మకు కూడా.

"సార్."

మేరి. రాళ్ళ మీద ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది. పాదాల నిండా ఎర్రమట్టి.

"సార్, ఫొటో అయినాక పోవల్నా, ముందే పోవల్నా?"

శేషప్ప సారు ఒక కన్ను మూసుకునే ఆమె వైపు తిరిగాడు. తర్వాత రెండో కన్ను తెరిచాడు. ఫోన్లోని తెల్లటి నేలను చూశాడు. మేరి పాదాలు చూశాడు. అడుగు పక్కకు జరిగాడు.

"నువ్వు పో పాపా."

మేరి మట్టికాళ్ళతోనే లోపలికి దూరింది. నీలం తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది. ఆ గడియ అంతవరకూ ఎవరూ వేయలేదు. కొంచెంసేపటికి కుళాయి మోత, ఆ వెంటనే ఏదో దొర్లిన మోత.

"సార్, బకెట్ పడిపోయింది," అంది లోపలి గొంతు, ఏడవబోతూ.

ఈరమ్మ చీపురు అందుకుంది. శేషప్ప సారు చేత్తో ఆమెను ఆపాడు.

"పడనీ పాపా. నిదానంగా రా."

తలుపు కింద నుంచి ఎర్రమట్టి నీళ్ళు పాయలుగా బయటికొచ్చాయి. ఆయన విడిచిన కొత్త చెప్పులను తడిపి, ఆయన వేళ్ళ సందుల్లోకి పోయాయి. ఆయన కదల్లేదు. పెద్ద పిల్లల్లో ఒకామె మెల్లగా వచ్చి తలుపు ముందు నిలబడింది. ఆమె వెనక ఇంకొకామె. ఎవరూ చెప్పకుండానే వరస తయారైంది.

బడి మూల మీద సామ్సన్ కనిపించాడు. దిగనన్న బండి దిగి వచ్చాడు.

"టీచరమ్మా, కథ అయిపోయిందా?"

కృష్ణకుమారి మూసి ఉన్న తలుపునూ, వరసనూ చూసింది. "ఇంకా ఉందప్పా," అంది. "సాయంత్రం బడి విడిచినాక రా."

సామ్సన్ నీళ్ళ వైపు, పెద్దసారు కాళ్ళ వైపు చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెనక్కి తిరిగాడు. కాసేపటికి మోటారు సైకిలు ఒక్కటే రోడ్డెక్కిన చప్పుడు వినిపించింది.

మేరి బయటికొచ్చింది. వరసలో తర్వాతి పిల్ల లోపలికి అడుగు వేయబోయింది.

"ఒక్క నిమిషం తల్లీ," అన్నాడు శేషప్ప సారు. వంగి, ఒక కన్ను మూసి, పొర్లిన బకెట్టునూ, నేలంతా పడిన ఎర్ర అడుగుల్నీ అలాగే ఫొటో తీశాడు. మొదటిది మసకగా వచ్చినందుకు ఇంకోసారి తీశాడు. పైకి పంపాడు. ఫోను జేబులో వేసుకుని, తడి చెప్పులు తొడుక్కుంటూ, "మీటింగులో నిలబడే పని ఉంది. నాకు అన్నం కొంచెం ముందుగా పెట్టు ఈరమ్మా," అన్నాడు.